శివరాత్రి నుంచి రోహిణి కార్తె దాకా: వాతావరణ సూచన చూసి యాసంగి పనులు సర్దుకోవడం ఎలా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అంటారు. వెళ్లిపోయే ఆ చలికీ, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకూ మధ్య ఉన్న మూడు నెలలు ఉత్తర తెలంగాణ రైతుకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే దిగులుగా గడిచే కాలం. ఈ రోజుల్లో వరి పొట్ట మీద ఉంటుంది, మామిడి పిందె కడుతుంది, పసుపు తవ్వి ఉడకబెట్టి కల్లంలో ఆరబోస్తారు, మక్క కంకిలో గింజ గట్టిపడుతుంది. పెట్టవలసిన పెట్టుబడి అంతా పెట్టేసి, చేతికి ఇంకా రూపాయి రాని దశ ఇది. వానాకాలంలో ఏ వాన కోసం ఆకాశం వైపు చూస్తామో, అదే వాన మార్చిలోనో ఏప్రిల్‌లోనో పడితే కోతకు వచ్చిన చేను పడిపోతుంది, కల్లంలోని గింజ మొలకెత్తుతుంది.

జగిత్యాల, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్ జిల్లాల్లో వరి, పసుపు, మామిడి సాగు చేసే కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను. సెల్‌ఫోన్ లేని రైతు ఇప్పుడు అరుదు, సూచనలు అందరికీ అందుతున్నాయి. అయినా ఏటా ఈ కాలంలో నష్టపోతూనే ఉన్నాం. నాకు అర్థమైనంత వరకు దీనికి పెద్ద కారణం, ఏ సూచనను ఏ పనికి వాడుకోవాలో తెలియకపోవడమే. మూడు నెలల సూచన, నాలుగు వారాల సూచన, ఐదు రోజుల సూచన, మూడు గంటల హెచ్చరిక అని నాలుగు రకాలు మనకు అందుతాయి. ఒకదానితో తీసుకోవలసిన నిర్ణయాన్ని మరొకదానితో తీసుకుంటే మోసపోతాం.

మూడు నెలల సూచనలో చూడవలసింది

భారత వాతావరణ శాఖ మార్చి నుంచి మే వరకు ఉన్న కాలాన్ని రుతుపవనాలకు ముందటి కాలంగా లెక్కిస్తుంది. ఫిబ్రవరి చివరి రోజుల్లో ఆ మూడు నెలల ఎండ తీవ్రతపై అంచనా వెలువరిస్తుంది, మార్చి చివరలో దాన్ని ఏప్రిల్, మే, జూన్ నెలలకు సవరించి ఇస్తుంది. పగటి ఉష్ణోగ్రత, రాత్రి ఉష్ణోగ్రత, వడగాలులు వీచే రోజులు మామూలుకంటే ఎక్కువా తక్కువా అన్నది అందులో పటాల రూపంలో ఉంటుంది. ఇక్కడ మామూలు అంటే 1991 నుంచి 2020 వరకు 30 ఏళ్ల సగటు.

ఆ పటంలో కనిపించే శాతాలను చాలామంది పొరబడి చదువుతారు. మన ప్రాంతం మీద 60 శాతం అని ఉంటే ఎండ 60 శాతం పెరుగుతుందని అర్థం చేసుకోకూడదు. గతంలోని సంవత్సరాలను వేడివి, మామూలువి, చల్లనివి అని మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కొక్క భాగానికి మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది కదా. ఈసారి వేడి భాగంలో పడే అవకాశం ఆ 33 శాతం నుంచి 60 శాతానికి పెరిగిందని దాని భావం. అంటే మామూలుగానో చల్లగానో గడిచే అవకాశం కూడా 40 శాతం మిగిలే ఉంది.

ఇలాంటి సూచనతో ఫలానా తేదీన వరి కోయాలా వద్దా అని తేల్చుకోలేం. నీళ్ల లెక్క, కూలీల లెక్క, కల్లం మీద కప్పే పరదాల (టార్పాలిన్ల) లెక్క మాత్రం దీనితో చూసుకోవచ్చు. ఎండ ఎక్కువని సూచన ఉన్న ఏడాది బావిలోని నీళ్లు ఏప్రిల్ నడిమికే అడుగంటవచ్చని ముందే అనుకోవాలి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వంతుల వారీగా నీళ్లు వదిలే ప్రాంతాల్లో, ముఖ్యంగా కాలువ చివరి ఊళ్లలో, చివరి తడి అందకపోతే ఏ మడిని వదులుకోవాలో ఫిబ్రవరిలోనే నిర్ణయించుకోవడం మంచిది. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. అయినా మూడెకరాలకూ సగం సగం నీళ్లు పెట్టి మూడెకరాల్లోనూ తాలు గింజ కోసుకోవడం కంటే, రెండెకరాలు నిండుగా పండించుకోవడం మేలని మా బావుల కింద పలుమార్లు చూశాను.

నాలుగు వారాలు, ఐదు రోజులు

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాలకు సూచన ఇస్తుంది. మొదటి రెండు వారాలపై నమ్మకం ఉంచవచ్చు, మూడో వారం, నాలుగో వారం కేవలం ధోరణిని చెప్తాయి. పసుపు తవ్వకం ఎప్పుడు మొదలుపెట్టాలి, వరికోత యంత్రానికి ఏ వారంలో మాట ఇవ్వాలి, మామిడి తోటను కోతకు ఎప్పుడు ఒప్పుకోవాలి అన్న ప్రశ్నలకు ఈ సూచన సరిపోతుంది.

పనుల తేదీ ఖరారు చేసుకోవడానికి పనికొచ్చేది ఐదు రోజుల సూచన. వ్యవసాయ వాతావరణ సలహా ప్రతి మంగళవారం, శుక్రవారం జిల్లాల వారీగా వెలువడుతుంది. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో జిల్లాను ఎంచుకుంటే వాన, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, గాలి వేగం, గాలి దిక్కు, మబ్బు ఎంత అన్నవి తెలుగులోనే కనిపిస్తాయి. వాటి కింద పంటల వారీగా సలహా ఉంటుంది. మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని పైకి చదివి వినిపించే అలవాటు పెట్టుకుంటే, ఆ వారంలో మందు కొట్టే రోజు, ఎరువు వేసే రోజు, కోసే రోజు మాటల్లోనే తేలిపోతాయి. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటే రోజున మందు పిచికారీ చేయకూడదు. 24 గంటల్లో వాన సూచన ఉంటే మందు గానీ యూరియా గానీ వేయకూడదు.

2024 అక్టోబరు నుంచి గ్రామ పంచాయతీ స్థాయిలో కూడా సూచన ఇస్తున్నారు. మేరీ పంచాయత్ యాప్‌లోనూ, ఈ గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లోనూ ఊరి పేరుతోనే ఐదు రోజుల వాతావరణం కనిపిస్తుంది. ఇది మంచి సదుపాయం. అయితే ఊరి పేరుతో వచ్చింది కాబట్టి మన చేను మీద ఏం జరుగుతుందో అదే చెప్తుందని అనుకోవద్దు. దేశాన్ని కిలోమీటర్ల కొలతలో గళ్లుగా విభజించి, ఒక్కో గడికి వేసే లెక్క నుంచి ఈ అంకెలు వస్తాయి. 2025 మేలో ప్రారంభించిన కొత్త పద్ధతిలో ఆ గడి 6 కిలోమీటర్లది. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లకు ఒకే అంకె కనిపించడానికి కారణం ఇదే. ఈ కాలపు వాన మాత్రం చెరువు ఈ గట్టున కురిసి ఆ గట్టును తడపకుండా పోగలదు.

బులెటిన్‌లోని మాటలకు అర్థం

ఒకటి రెండు చోట్ల, కొన్ని చోట్ల, చాలా చోట్ల అనే మాటలు టీవీలోనూ పత్రికలోనూ రోజూ వింటాం. వీటికి కచ్చితమైన కొలత ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన నమోదవుతుందని అర్థం. కొన్ని చోట్ల అంటే 26 నుంచి 50 శాతం, చాలా చోట్ల అంటే 51 నుంచి 75 శాతం, దాదాపు అన్ని చోట్ల అంటే అంతకు పైన. మార్చి, ఏప్రిల్ నెలల్లో మనకు ఎక్కువగా వినిపించేది ఒకటి రెండు చోట్ల అనే మాటే. జిల్లాలో వాన పడిందా లేదా అని చూస్తే సూచన నిజమైనట్టూ, మన ఊళ్లో చూస్తే తప్పినట్టూ ఉండడం అందువల్లనే.

వాన మోతాదుకూ ఇలాంటి కొలతే ఉంది. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వాన, 64.4 వరకు ఒక మోస్తరు వాన, 64.5 నుంచి 115.5 వరకు భారీ వాన. ఒక ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీళ్లు. కాబట్టి 10 మిల్లీమీటర్లను కొంచెమే కదా అని తీసివేయకూడదు. కల్లంలో రాసి పోసిన వడ్లకు ఆ పది మిల్లీమీటర్లే చాలు.

ఇక రంగులు. ఆకుపచ్చ ఉంటే చేయవలసిందేమీ లేదు, పసుపు ఉంటే గమనిస్తూ ఉండాలి, నారింజ ఉంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు ఉంటే వెంటనే చర్య తీసుకోవాలి. పసుపు రంగు ఈ కాలంలో తరచుగా వస్తుంది, దాంతో జనం దాన్ని పట్టించుకోవడం మానేశారు. నేను పాటించే పద్ధతి ఒకటి చెప్తాను. చేయవలసిన జాగ్రత్తకు అయ్యే ఖర్చు తక్కువైతే పసుపు రంగుకే కదలాలి. కల్లం మీద పరదా కప్పడానికి ఇద్దరు మనుషులు అరగంట పని చేస్తే చాలు, ఐదు సార్లు అనవసరంగా కప్పినా పోయేదేమీ లేదు. జాగ్రత్తే ఖరీదైనదైతే, అంటే ఇంకా నాలుగైదు రోజులు ఆగవలసిన చేనును ముందే కోయించడం లాంటిదైతే, నారింజ రంగు వచ్చేవరకు ఆగి, రాడార్ చూసి, అప్పుడు నిర్ణయించాలి.

రాళ్లవాన ఎలా పుడుతుంది, ఎలా పసిగట్టాలి

ఈ కాలంలో మనల్ని అన్నిటికంటే ఎక్కువగా ముంచేది రాళ్లవాన. 2023 మార్చి మూడో వారంలో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మక్క, వరి, మిర్చి, మామిడి వడగండ్లకు దెబ్బతిన్నాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. సాయం రావడం మంచిదే. కానీ ఒక ఎకరం వరి పెట్టుబడిలో అది ఎంత భాగమో ప్రతి రైతుకూ తెలుసు.

దీని పుట్టుక తెలిస్తే సూచనలోని మాటలు బాగా అర్థమవుతాయి. ఎండలు ముదిరే కొద్దీ బంగాళాఖాతం మీది నుంచి తేమ గాలి ఆగ్నేయ దిక్కు నుంచి మన వైపు వస్తుంది. వాయవ్యం నుంచి పొడి గాలి వీస్తుంది. ఈ రెండు గాలులు కలిసే చోట విదర్భ లేదా ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక లోపలి ప్రాంతాల మీదుగా తమిళనాడు వైపు ఒక గీతలాగా ద్రోణి ఏర్పడుతుంది. వార్తల్లో ఉత్తర దక్షిణ ద్రోణి అన్న మాట వినిపిస్తే, ఆ రెండు మూడు రోజులు మధ్యాహ్నం తర్వాత జాగ్రత్తగా ఉండాలని అర్థం. మధ్యాహ్నపు ఎండకు నేల దగ్గరి తేమ గాలి వేగంగా పైకి లేచి, గడ్డకట్టే ఎత్తును దాటి, అక్కడ మంచు గడ్డగా మారుతుంది. మార్చిలో ఆ గడ్డకట్టే ఎత్తు నేలకు కొంత దగ్గరగా ఉంటుంది కాబట్టి రాళ్లు కరగకుండానే కింద పడతాయి. మే వచ్చేసరికి కింది గాలి బాగా వేడెక్కి చాలా రాళ్లు దారిలోనే కరిగిపోతాయి. మన దగ్గర రాళ్లవానలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

కళ్లతో పసిగట్టగల గుర్తులూ ఉన్నాయి. ఉదయం నుంచే ఉక్కపోతగా ఉండి, గాలి తూర్పు ఆగ్నేయాల నుంచి మెల్లగా వీస్తూ, పదకొండు గంటలకల్లా పడమటి దిక్కున గోబీ పువ్వులాంటి మబ్బులు పైకి పెరగడం మొదలైతే ఆ రోజు అనుమానించవలసిందే. రెండు మూడు గంటల తర్వాత ఆ మబ్బు పైభాగం దాగలి లాగా చదునుగా పరుచుకొని, అడుగు నల్లగా, కొన్నిసార్లు ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. అప్పటిదాకా ఉన్న గాలి ఒక్కసారి ఆగిపోతుంది. చెట్ల ఆకులు కదలవు. తర్వాత ఎదురు దిక్కు నుంచి చల్లటి గాలి ముఖానికి కొడుతుంది, దానితోపాటు దుమ్ము, తడిసిన మట్టి వాసన వస్తాయి. ఆ చల్లగాలి తగిలిన తర్వాత మన చేతిలో ఉండేది చాలాసార్లు పదిహేను ఇరవై నిమిషాలే. ఆ సమయంలో పరదాల కోసం ఇంటికి పరుగెత్తితే లాభం లేదు, అవి కల్లం దగ్గరే ఉండాలి.

కంటికి మబ్బు కనిపించకముందే చూడగలిగేది రాడార్. హైదరాబాద్‌లోని డాప్లర్ రాడార్ చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంటాయి. నీలం, ఆకుపచ్చ రంగులు తేలిక వానను చూపుతాయి. పక్కనున్న కొలబద్దలో 50 దాటిన ఎరుపు రంగు మచ్చ కనిపిస్తే అందులో రాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ఒకే చిత్రం చూసి వదలకుండా వరుసగా నాలుగైదు చిత్రాలు చూసి, ఆ మచ్చ ఎటు కదులుతోందో గమనించాలి. మన వైపు ఈ మబ్బులు చాలాసార్లు పడమర, వాయవ్యాల నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి కదులుతాయి. నిజామాబాద్ మీద ఉన్న మచ్చ జగిత్యాల వైపు వస్తోందంటే మనకు గంటో గంటన్నరో ఉందన్నమాట. వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే మూడు గంటల హెచ్చరిక కూడా ఈ రాడార్‌ను చూసి ఇచ్చేదే. అది సెల్‌ఫోన్‌కు వచ్చిన రోజున మిగతా పనులు పక్కన పెట్టాలి.

వరి: తేదీని వెనక నుంచి లెక్కపెట్టాలి

వరి విషయంలో అసలు జాగ్రత్త నవంబరులోనే మొదలవుతుంది. 125 రోజుల పంటకాలం ఉన్న రకాన్ని నవంబరు 20న నారు పోస్తే ఫిబ్రవరి 23 ప్రాంతంలో పూతకు వచ్చి, మార్చి 25కు కోతకు వస్తుంది. అదే రకాన్ని డిసెంబరు 20న పోస్తే మార్చి 25న పూత, ఏప్రిల్ 24న కోత. రెండో లెక్కలో పూత సమయంలో ఎండ దెబ్బ, కోత సమయంలో రాళ్లవాన దెబ్బ అని రెండు ప్రమాదాలూ ఒకే పంట మీద పడతాయి. వరి పూత ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నంలోపు విచ్చుకుంటుంది. ఆ గంటల్లో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గి గింజ పట్టక తాలుగా మారుతుంది. అలాగని మరీ ముందు, అక్టోబరులోనే నారు పోస్తే సంక్రాంతి చలికి వెన్ను (వరి కంకి) సరిగా రాదు. నవంబరు రెండో పక్షం మన జిల్లాలకు అనువైన సమయమని నా అభిప్రాయం.

ఈ ఏడాది ఆలస్యమైందనుకుందాం. పూత దశలో ఎండ ఎక్కువని ఐదు రోజుల సూచన చెప్తే, మడిలో రెండు అంగుళాల నీరు తగ్గకుండా చూడాలి, పాత నీటిని వీలైనంతవరకు సాయంత్రం తీసి రాత్రి కొత్త నీరు పెట్టాలి. చేనులోని నీరు ఆవిరవుతూ వెన్ను దగ్గరి గాలిని కొంత చల్లబరుస్తుంది. కోతకు వారం పది రోజుల ముందు నీళ్లు ఆపేయాలి. తడి నేలలో చేను త్వరగా పడిపోతుంది, పడిపోయిన చేనులో యంత్రం సరిగా కోయదు.

కోతకు వచ్చిన చేను గురించి నారింజ హెచ్చరిక వస్తే, వెన్నులో 80 నుంచి 85 గింజలు వందకు బంగారు రంగుకు మారి ఉంటే ఆగకుండా కోయించడం మేలు. మిగతా గింజలు పండే దాకా ఆగితే వచ్చే లాభం, రాళ్లవానకు రాలే గింజతో పోలిస్తే ఎంతో ఉండదు. అలా కోసిన గింజలో తేమ ఎక్కువగా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం లోపు తేమనే తీసుకుంటారు కాబట్టి ఆరబెట్టడానికి చోటు, పరదాలు సిద్ధం చేసుకొని కోయాలి. వడ్ల రాసి పోసేచోట నేల కొంచెం ఎత్తుగా ఉండి, చుట్టూ జానెడు లోతు కాలువ తీసి ఉంటే వాన నీరు అడుగు నుంచి రాసిలోకి చేరదు. పరదా పైన కప్పడం అందరికీ గుర్తుంటుంది, ఈ కాలువ తీయడం మాత్రం మరిచిపోతారు. నిజానికి అడుగున తడిసిన వడ్లే ముందు మొలకెత్తుతాయి.

కోసిన పనలు తడిస్తే, లేదా పండిన చేను పడి నీళ్లలో ఉంటే, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేస్తే మొలక రావడం ఆలస్యమవుతుంది. ఉప్పు ఇంట్లో ఉండేదే, పంపు ఉండేదే. ఆ సాయంత్రమే చేయాలి.

పసుపు, మామిడి, మక్క

పసుపు గురించి మా ఇంటి అనుభవం చెప్తాను. ఒక మార్చిలో ఐదు రోజుల సూచనలో నాలుగో రోజుకు ఉరుములతో వాన అని ఉంది. మాట ఇచ్చిన కూలీలు వెళ్లిపోతారన్న తొందరలో మేము తవ్విన పసుపంతా ఉడకబెట్టి కల్లంలో పోశాం. నాలుగో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు గాలి లేచింది. పరదాల్లో ఒకటి ఎగిరి పక్క చేనులో పడింది. సగం ఆరిన కొమ్ములు తడిసి, తర్వాత ఎంత ఎండబెట్టినా ఆ మెరిసే రంగు తిరిగి రాలేదు. మార్కెట్లో వ్యాపారి చేతిలోకి తీసుకొని చూసి, మా పక్క కుప్ప కంటే తక్కువ ధర చెప్పాడు. ఆ రోజు మా అమ్మ ఏమీ అనలేదు, బస్తా మూతి మళ్లీ కట్టేసింది, అంతే.

అప్పటి నుంచి మేము పాటించేది ఇది. ఆకు ఎండిన తర్వాత కూడా పసుపు దుంప భూమిలో కొన్నాళ్లు భద్రంగానే ఉంటుంది, కాబట్టి వాన సూచన ఉన్న వారంలో తవ్వకం వాయిదా వేస్తాం. తవ్వేసి ఉంటే పచ్చి దుంపను నీడలో, గాలి తగిలేచోట ఉంచి, ద్రోణి తొలగిన తర్వాత ఉడకబెడతాం. ఉడికిన పసుపు ఆరడానికి పది నుంచి పదిహేను రోజులు పడుతుంది కాబట్టి ఐదు రోజుల సూచన ఒక్కటే చాలదు, గురువారం వచ్చే రెండు వారాల ధోరణినీ కలిపి చూస్తాం. కొమ్మును విరిచినప్పుడు టక్కుమని లోహపు చప్పుడు వచ్చేదాకా రోజూ సాయంత్రం కుప్ప చేసి కప్పడం, ఉదయం రెండు మూడు అంగుళాల మందంలో పరవడం మానకూడదు. పరదాల అంచుల మీద రాళ్లు పెట్టడం చాలదు, తాళ్లతో గూటాలకు కట్టాలి.

మామిడికి గాలే ప్రధాన శత్రువు. పిందె బఠాణీ గింజంత అయిన తర్వాత తడి పెట్టడంలో హెచ్చుతగ్గులు లేకుండా చూసుకోవాలి. నెల రోజులు ఎండగట్టి, ఎండ ముదిరాక ఒక్కసారిగా నీళ్లు వదిలితే పిందె రాలుతుంది. కోత దగ్గరపడిన తోటకు ఈదురుగాలుల హెచ్చరిక వస్తే, ముదిరిన కాయను తొడిమతో సహా ముందే కోసుకోవాలి. వాన పడిన మర్నాడే కోసిన కాయ త్వరగా కుళ్లుతుంది, రెండు రోజులు ఆగడం మంచిది. రాళ్లు తగిలిన తోటలో, కోతకు ఇంకా సమయం ఉంటే, కార్బండజిమ్ లీటరుకు 1 గ్రాము చొప్పున పిచికారీ చేస్తే గాయాల నుంచి మచ్చ తెగులు పాకకుండా ఉంటుంది.

మక్క విషయంలో చెప్పవలసింది తక్కువ. కంకి పొర ఎండి, గింజ అడుగున నల్లని చుక్క కనిపిస్తే కోతకు వచ్చినట్టే. అలా వచ్చిన చేనును నిలబెట్టి ఉంచవద్దు.

ఎండ, పిడుగు

మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలకు పైగా పెరిగితే వడగాలిగా ప్రకటిస్తారు. 45 డిగ్రీలు తాకితే మామూలుతో పోల్చే అవసరం లేకుండానే అది వడగాలి. రామగుండం, నిజామాబాద్ ఈ అంకెల్లో తరచూ ముందుంటాయి. హెచ్చరిక ఉన్న రోజుల్లో కూలీలను తెల్లవారుజామున పిలిచి పదకొండు లోపు పంపించాలి. ఆ మేరకు కూలి తగ్గించడం న్యాయం కాదు. చేను దగ్గర నీడ, నీళ్ల కుండ, మజ్జిగో అంబలో ఉంచడం పని చేయించుకునేవారి బాధ్యత.

పిడుగు గురించి మొహమాటం లేకుండా చెప్తాను. ఈ కాలంలో పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు, మనిషి పోతే ఆ ఇల్లు తేరుకోదు. దామిని యాప్ మనమున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. అది మోగినా, ఉరుము చెవికి వినిపించినా చేను వదలాలి. చెట్టు కిందికి, కరెంటు స్తంభం దగ్గరికి, ఒంటరిగా ఉన్న రేకుల కొట్టంలోకి వెళ్లకూడదు. మోటారు స్టార్టర్ డబ్బాను ముట్టుకోకూడదు. పక్కా ఇల్లు అందేలా లేకపోతే పల్లపు చోట, నీళ్లు లేని చోట, కాళ్లు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. గొర్లు, పశువులు కాసేవాళ్లకు ఈ మాట ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి, వాళ్ల చేతిలో ఆ యాప్ ఉండకపోవచ్చు.

నష్టం జరిగితే

మరుసటి ఉదయమే చేనులోకి వెళ్లి, సర్వే నంబరు రాయి లేదా గుర్తుపట్టగల చెట్టు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోవాలి. వ్యవసాయ విస్తరణ అధికారికి అదే రోజు రాతపూర్వకంగా తెలపాలి. విపత్తు సాయానికి పంట నష్టం 33 శాతం గానీ అంతకు పైగా గానీ ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి, అధికారి చూడకముందే చేను దున్నేయవద్దు. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమల్లో ఉన్నచోట వడగండ్ల నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి. కోసి చేనులోనే ఆరబెట్టిన పంటకు కూడా 14 రోజుల వరకు రక్షణ ఉంటుంది. సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 నంబరులో తెలుగులోనే సమాధానం చెప్తారు.

ఇంట్లో పెట్టుకోవలసిన లెక్క

కార్తెలను నేను తేలికగా తీసుకోను. సూర్యుడి నడకను బట్టి వచ్చేవి కాబట్టి అవి ఏటా దాదాపు ఒకే తేదీకి వస్తాయి. రేవతి మార్చి చివర, అశ్వని ఏప్రిల్ 13 ప్రాంతంలో, భరణి 27న, కృత్తిక మే 11న, రోహిణి 25న. పనుల క్యాలెండరుగా అవి చక్కగా సరిపోతాయి. భరణి కురిస్తే ధరణి పండుతుందన్న మాట, ఏప్రిల్ చివరి వానకు లోతు దుక్కి దున్నిన నేల తొలకరి నీటిని బాగా పట్టుకుంటుందన్న అనుభవం నుంచి వచ్చిందని నా నమ్మకం. ఏ రోజు వాన పడుతుందో చెప్పమని మాత్రం కార్తెను అడగలేం, అందుకు బులెటినే కావాలి.

రెండింటినీ కలిపే సాధనం ఒక నోటుపుస్తకం. నిలువుగా ఒకే వెడల్పు ఉన్న గాజు సీసాను చెట్లకు, గోడలకు దూరంగా, నేలకు అడుగున్నర ఎత్తున బిగించి, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటిని స్కేలుతో కొలిస్తే అదే మన చేను వాన. తేదీ, కార్తె, సూచన ఏం చెప్పింది, నిజంగా ఎంత పడింది, గాలి ఎటు నుంచి వచ్చింది అని ఒక వరుసలో రాయాలి. మూడేళ్లు రాస్తే, పసుపు రంగు హెచ్చరిక వచ్చిన పది రోజుల్లో మన ఊళ్లో ఎన్నిసార్లు వాన పడిందో తెలుస్తుంది. ఆ అంకె ఏ యాప్‌లోనూ దొరకదు.

ఏప్రిల్ నడిమిలో రుతుపవనాలపై మొదటి అంచనా వెలువడుతుంది, మే చివరలో దాన్ని సవరిస్తారు. అది దేశం మొత్తానికి నాలుగు నెలల లెక్క, దీర్ఘకాల సగటు వానలో 96 నుంచి 104 శాతం మధ్య ఉంటే మామూలు వానాకాలం అంటారు. అది చూసి విత్తనాలు సమకూర్చుకోవచ్చు, విత్తే రోజును మాత్రం సీసాలోని నీరే నిర్ణయించాలి. రోహిణిలో ఒక గట్టి వాన పడగానే పత్తి గింజ పెట్టి, తర్వాత పదిహేను రోజులు మబ్బు లేక రెండోసారి గింజ కొన్న చేన్లు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి. చెలక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, రేగడి నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడి, జానెడు లోతు దాకా పదును దిగిందని గునపంతో తవ్వి చూసుకున్న తర్వాతే విత్తన సంచి మూతి విప్పాలి.